మంచం పక్కన పెట్టే శ్వాస సెన్సర్: వారం రోజులు పక్కన కూర్చుని లెక్కపెట్టాను

మా నాన్నకి సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు. రాత్రిపూట ఆయాసం ఎప్పుడు ఎక్కువవుతుందోనన్న టెన్షన్‌తో అమ్మా నేనూ వంతులు వేసుకుని మేలుకుంటున్నాం. ఒంటికి ఏమీ తగిలించక్కర్లేదు, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లో అదే చెబుతుంది, 25 దాటితే ఫోన్‌కి అలారం వస్తుంది అంటే రూ.6,500 పెట్టి కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. మీరు ఏది కొన్నా ఇదే పరీక్ష పెట్టుకోవచ్చు.

లోపల ఉన్నది 60 గిగాహెర్ట్జ్ రాడార్, అంటే రేడియో తరంగాలు పంపి, తగిలి తిరిగొచ్చినవాటిని బట్టి కదలికను పట్టేది. ఆ తరంగం పొడవు 5 మిల్లీమీటర్లే కాబట్టి, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచినా అది పట్టుకుంటుంది. దుప్పటి కప్పుకున్నా అడ్డం కాదు. (డోజీ లాంటివి వేరు. వాటిలో పరుపు కింద షీట్ పరుస్తారు, ఒంటి కదలికల్ని అక్కడినుంచి కొలుస్తారు.)

దీన్ని దేనితో పోల్చాలి? ఆసుపత్రిలో అయితే కాప్నోగ్రఫీ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే పద్ధతి) ఉంటుంది, ఇంట్లో మనకున్నవి కళ్ళూ, ఫోన్‌లో స్టాప్‌వాచీ. నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి, 30 సెకన్లు చూసి రెండింతలు చేస్తే ఒక్కటి తప్పినా తేడా రెండవుతుంది. ఇంకోటి, లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరే మారిపోతుంది. అందుకే నర్సులు నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని ఛాతీ వైపు చూస్తారు, నేనూ అదే చేశాను.

నాన్న వెల్లకిలా, కదలకుండా నిద్రపోతున్నప్పుడు బాగా పనిచేసింది. నేను 18 అంటే అది 17 లేదా 18. పక్కకి తిరిగి పడుకున్నా రెండుకు మించి తేడా రాలేదు. మొదటి రెండు రాత్రులు అమ్మ నిజంగా కాసేపు కన్నుమూసింది, ఆ మేరకు సంతోషించాను కూడా.

మూడో రోజు మధ్యాహ్నం ఖాళీ మంచం పరీక్ష పెట్టాను. మంచం మీద ఎవరూ లేరు, సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది, దోమతెర మెల్లగా ఊగుతోంది. సెన్సర్ స్క్రీన్ మీద అంకె 14! ఫ్యాన్ ఆపితే కాసేపటికి పోయింది, మళ్ళీ వేస్తే ఈసారి 15. మన ఊళ్ళల్లో ఫ్యాన్ లేకుండా, దోమతెర లేకుండా ఎవరు పడుకుంటారు? మనిషి లేకపోయినా ఊపిరి చూపిస్తుంటే మనిషి ఉన్నప్పుడు చూపించే అంకె ఎంతవరకు నమ్మాలి?

ఇక అయిదో రాత్రి. నాన్నకి దగ్గు తెర వచ్చింది, లేచి కూర్చుని ముందుకి వంగి ఎగఊపిరి తీస్తున్నారు. ఒక పక్క నెబులైజర్ పెడుతూనే లెక్కపెట్టాను, 28. పెట్టె మాత్రం 19 అంటోంది, రెండు నిమిషాలైనా అదే 19. మనిషి ఎక్కువ కదిలితే కొలవలేక, అంతకు ముందు వచ్చిన అంకెనే అలా పట్టుకుని ఉంటుందని అప్పుడు అర్థమైంది. అలారం మోగలేదు. రోగి పరిస్థితి ఎంత ప్రమాదంగా ఉందో అంకెల్లో చెప్పడానికి బ్రిటన్ ఆసుపత్రుల్లో వాడే న్యూస్2 స్కోరులో ఊపిరి 19 ఉంటే సున్నా, 25 గానీ అంతకు మించి గానీ ఉంటే ఏకంగా 3, అంటే ఆ పెట్టెని నమ్మి పక్క గదిలో పడుకుని ఉంటే నాన్న బాగానే ఉన్నారనుకునేదాన్ని. ఇప్పటికీ తలుచుకుంటే కాళ్ళలో వణుకొస్తుంది.

అట్ట మీద "సగటు తేడా 1 కన్నా తక్కువ" అని ఉంది. ఒకసారి 6 ఎక్కువ, ఒకసారి 6 తక్కువ చూపినా సగటు సున్నాయే కదా! ఎంత తేడా వచ్చిందో కాదు, ఎప్పుడు వచ్చిందో చెప్పాలి. రాత్రంతా ప్రశాంతంగా పడుకున్న గంటలు కలిపితే ఏ సగటైనా అందంగానే ఉంటుంది.

మా బాబాయి గురక కోసం ఇలాంటిదే కొంటానన్నాడు, వద్దు బాబాయ్ అన్నాను. నిద్రలో గొంతు మూసుకుపోయి గాలి ఆడకపోయినా ఛాతీ మాత్రం లేస్తూ పడుతూ పెనుగులాడుతూనే ఉంటుంది, రాడార్ దాన్నీ ఊపిరి కింద లెక్కేసే ప్రమాదం ఉంది. దానికి స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ లాంటివి కొలిచే పరీక్ష) చేయించుకోవాల్సిందే.

రిటర్న్ గడువు 10 రోజులు, ఎనిమిదో రోజు వెనక్కి పంపేశాను. కొలవలేనప్పుడు పాత అంకె బదులు ఖాళీ గీత చూపించి, "చూడలేకపోతున్నాను, వచ్చి చూడండి" అని ఫోన్‌కి చెప్పే పెట్టె ఎవరైనా చేస్తే ఇంకో రెండు వేలు ఎక్కువైనా కొంటాను. ఈ రాత్రికి మొదటి వంతు నాదే.