పాటే బొమ్మని నడిపించాలంటే: నేను వాడిన సాఫ్ట్‌వేర్లలో ఏది మన సంగీతానికి పనికొచ్చింది

హనుమకొండలో జానపద పాటలకి, భజనలకి, అప్పుడప్పుడు కచేరీ రికార్డింగులకి వీడియోలు చేసిస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి పాట రికార్డు చేయించుకోవడంతోనే డబ్బులు అయిపోతాయి. షూటింగ్, డ్రోన్, డ్యాన్సర్లు కుదరవు. అలాంటప్పుడు పాటలోంచే బొమ్మ పుట్టాలి. దెబ్బ పడితే ఏదో ఒకటి కదలాలి, స్వరం జారితే తెర మీద కూడా ఏదో జారాలి. ఆ పని చేస్తామని చెప్పుకునే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. డబ్బు పెట్టినవీ, ఉచితంగా దొరికినవీ వాడి చూశాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది.

ముందు ఒక్క మాట. వీటిలో చాలా వాటికి శబ్దం ఎంత గట్టిగా ఉందన్నది ఒక్కటే తెలుసు. క్లబ్బులో వేసే సంగీతానికి అది చాలు, కిక్ డ్రమ్ పడగానే తెర ఎగిరితే పనైపోయింది. మన దగ్గర అలా కుదరదు. కచేరీ రికార్డింగ్‌లో తంబురా మొదటి నుంచి చివరి దాకా మోగుతూనే ఉంటుంది కాబట్టి శబ్దం ఎప్పుడూ సున్నాకి దిగదు. గాయకురాలు మెల్లగా ఒక గమకం (స్వరాన్ని ఊపుతూ పలికే తీరు) పలికినప్పుడు ప్రాణం అంతా అక్కడే ఉంటుంది, కానీ గట్టితనంలో పెద్ద మార్పేమీ ఉండదు. అందుకే నేను ఏ సాఫ్ట్‌వేర్‌నైనా రెండు విషయాల్లో చూస్తాను: దెబ్బకీ దెబ్బకీ తేడా పట్టుకుంటుందా, స్వరం జారడం పట్టుకుంటుందా.

దెబ్బల విషయంలో నా ఓటు బ్లెండర్‌కే. త్రీడీ బొమ్మల కోసం వాడే సాఫ్ట్‌వేర్ అని అందరికీ తెలుసు, పూర్తిగా ఉచితమనీ తెలుసు. దాని గ్రాఫ్ ఎడిటర్‌లో ఛానెల్ మెనూ కింద 'సౌండ్ టు శాంపిల్స్' అని ఒక ఆప్షన్ ఉంది. పాత వెర్షన్లలో దీని పేరు 'బేక్ సౌండ్ టు ఎఫ్-కర్వ్స్'. ఒక వస్తువు సైజుకో, వెలుగుకో, రంగుకో ఒక కీఫ్రేమ్ (ఈ ఫ్రేములో విలువ ఇంత అని చెప్పే గుర్తు) పెట్టి, ఆ ఛానెల్‌ని ఎంచుకుని పాట ఫైలు ఇస్తే, పాట మొత్తానికీ ఒక గీత గీసి పెడుతుంది. ఆ గీత ప్రకారం వస్తువు కదులుతుంది. ఇంతవరకు అయితే గొప్పేమీ లేదు. ఫైలు ఎంచుకునే చోట పక్కన కనిపించే అంకెల్లో ఉంది దీని బలం. ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా వినాలో మనమే చెప్పొచ్చు. దెబ్బ పడినప్పుడు ఎంత త్వరగా లేవాలి, ఎంత మెల్లగా దిగాలి, ఎంతకన్నా తక్కువ శబ్దాన్ని పట్టించుకోకూడదు, అన్నీ మన చేతిలోనే ఉంటాయి.

డప్పు పాట ఒకటి తీసుకోండి. కుడి చేతిలో చిర్ర అనే కర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల. చిర్ర దెబ్బ బరువుగా కింద మోగుతుంది, పుల్ల దెబ్బ సన్నగా పైన చిటుక్కుమంటుంది. ఒకే పాటని రెండుసార్లు ఇస్తాను. ఒకసారి 200 హెర్ట్జ్ లోపు మాత్రమే వినమని, ఇంకోసారి 2,000 హెర్ట్జ్ పైన మాత్రమే వినమని. మొదటి గీత నేల అదరడానికి, రెండోది నిప్పురవ్వలు ఎగరడానికి. డప్పుని వాయించే ముందు మంట దగ్గర కాచి బిగువు తెస్తారు కదా, అందుకే నాకు రవ్వల ఆలోచన వచ్చింది. ఆ వీడియో చూసిన డప్పు కళాకారుడు మొదట అడిగిన మాట, "ఇది చేత్తో ఒక్కో దెబ్బకీ పెట్టినవా అన్నా?" అని. చేత్తో పెట్టాలంటే పాటకి వారం పడుతుంది.

మృదంగం దగ్గర జాగ్రత్త కావాలి. బ్లెండర్ మామూలుగా ఇచ్చే రిలీజ్ టైమ్ 0.2 సెకన్లు, అంటే లేచిన గీత దిగడానికి అంత సమయం తీసుకుంటుంది. నిమిషానికి 80 అక్షరాల (తాళం లెక్కల) కాలప్రమాణంలో తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం, నడుస్తోందనుకోండి. అక్షరానికి ఎనిమిది దెబ్బలు పడే చోట, దెబ్బకీ దెబ్బకీ మధ్య 0.1 సెకను కూడా ఉండదు. ముందు దెబ్బ గీత కిందికి దిగకముందే తరువాతి దెబ్బ పడి పైకి లాగేస్తుంది. ఫలితం ఏంటంటే, వాయించేవాడు చెలరేగిపోతున్న చోట తెర మీద వస్తువు కొయ్యబారి నిలబడిపోతుంది. రిలీజ్‌ని 0.05కి దించితే ఒక్కో దెబ్బా విడిగా కనిపిస్తుంది. వీడియో వేగం కూడా ముఖ్యమే. సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో అలాంటి ఒక దెబ్బకి రెండు ఫ్రేములకన్నా కొంచెం ఎక్కువ దొరుకుతాయి, అంతే. లయ ప్రధానమైన పాటలకి నేను 60 ఫ్రేములు పెడుతున్నాను. రెండరింగ్ (ఫ్రేములన్నీ గీసి వీడియోగా తయారుచేయడం) ఎక్కువసేపు పడుతుంది, అయినా పెడతాను.

తంబురా గొడవకి థ్రెషోల్డ్ అంకె ఉంది, ఇంతకన్నా తక్కువ శబ్దాన్ని వదిలేయమని చెప్పేది అదే. తంబురా ఒకే మట్టంలో మోగుతుంది కాబట్టి ఆ అంకెని ఆ మట్టానికి కొంచెం పైన పెడితే అది లెక్కలోంచి పోతుంది, కింది ఫ్రీక్వెన్సీల్లో మృదంగం ఎడమ వైపు, అంటే తొప్పి, శబ్దం మిగులుతుంది. కుడి వైపు మాత్రం అంత తేలికగా దొరకదు. దాన్ని శ్రుతికే కలుపుతారు కాబట్టి తంబురా, గాత్రం, మృదంగం మూడూ ఒకే చోట ఉంటాయి. అక్కడ ఫ్రీక్వెన్సీతో విడదీయడం ఎవరి వల్లా కాదు.

బ్లెండర్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఏ ఫ్రీక్వెన్సీలో ఏముందో అది చూపించదు. ముందు ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో పాట తెరిచి, స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే బొమ్మ) చూసుకుని, అంకెలు రాసుకుని రావాలి. ఒకసారి గీత తయారైతే అందులో ఒక్క చుక్కని పట్టుకుని జరపడానికి లేదు. ఏదైనా మార్చాలంటే మళ్ళీ పాట ఇవ్వాలి, లేదా ముందు ఆ గీతని కీఫ్రేములుగా మార్చుకోవాలి. పాట ఇచ్చే ముందే ఫ్రేముల వేగం ఖాయం చేసుకోవాలి, టైమ్‌లైన్‌లో ఒకటో ఫ్రేమ్ మీద ఉండాలి, లేకపోతే గీత మనం నిలబడ్డ ఫ్రేమ్ నుంచి మొదలవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇవన్నీ టెన్షన్ పెట్టే విషయాలే.

స్వరం జారడం బ్లెండర్‌కి పట్టదు. ఆ పని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఉన్న 'షోసీక్యూటీ' అనే ఫిల్టర్ చేస్తుంది, అదీ ఎంత చక్కగా చేస్తుందంటే నేను ఎవరు కనిపించినా దీని గురించే చెబుతుంటాను. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అంటే బొమ్మలూ బటన్లూ లేని, కమాండ్ టైప్ చేసి వాడే ఉచిత పనిముట్టు. వీడియో ఫార్మాట్ మార్చడానికి చాలామంది వాడుతుంటారు. షోసీక్యూటీకి పాట ఇస్తే అది మంద్ర స్థాయిని ఎడమ వైపు, తార స్థాయిని కుడి వైపు పరుస్తుంది. ఒక్కో సప్తకానికీ ఒకే వెడల్పు ఇస్తుంది, హార్మోనియం మెట్లలాగా. పైన అప్పటికప్పుడు మోగుతున్న స్వరాలు వెలుగుగా లేస్తాయి, కింద అప్పటిదాకా మోగినవి జాడగా కిందికి జారిపోతుంటాయి. ఆ జాడలో గమకం మెలికలు తిరిగిన దారంలా కనిపిస్తుంది. శంకరాభరణం గాంధారం దాదాపు నిలువు గీత. తోడి గాంధారం అటు రిషభం వైపు, ఇటు మధ్యమం వైపు ఊగుతూ దిగుతుంది. సంగీతం రానివాళ్ళు కూడా రెండిటికీ తేడా కళ్ళతో చూస్తారు.

అయితే మామూలుగా వచ్చే సెట్టింగులతో ఇంత అందం రాదు. అది 20 హెర్ట్జ్ నుంచి 20,000 పైచిలుకు దాకా, పది సప్తకాలని 1920 పిక్సెళ్ళలో సర్దుతుంది. సప్తకానికి పన్నెండు స్వరస్థానాలు, అంటే ఒక్కో స్వరస్థానానికి 16 పిక్సెళ్ళు. అంత ఇరుకులో గమకం ఊగడానికి చోటెక్కడిది? మొదలు 130, చివర 1040 అని ఇస్తే మూడు సప్తకాలే మిగులుతాయి, ఒక్కో స్వరస్థానానికి 53 పిక్సెళ్ళు దొరుకుతాయి. ఇక టైమ్‌క్లాంప్ అని ఇంకో అంకె ఉంది, మామూలుగా 0.17. దాన్ని తగ్గిస్తే కింది స్థాయిలో దెబ్బలు పదునుగా కనిపిస్తాయి, పెంచితే స్వరం సన్నగా స్పష్టంగా కనిపిస్తుంది. వీణకి కొంచెం పెంచుతాను, డప్పుకి తగ్గిస్తాను.

ఇలా ఫ్రీక్వెన్సీ హద్దులు మార్చగానే మధ్యలో కనిపించే ఇంగ్లిష్ స్వరాల పేర్లు మాయమవుతాయి. నాకైతే అది మంచిదే అయింది, ఎందుకంటే యాక్సిస్‌ఫైల్ అనే ఆప్షన్‌తో మన సొంత పట్టీ పెట్టుకోవచ్చు. మా వీధిలో వీణ నేర్పే టీచర్ గారి వీణ మూడు శ్రుతిలో ఉంటుంది, అంటే షడ్జం (స) సుమారు 165 హెర్ట్జ్. ఆ హద్దుల్లో 219వ పిక్సెల్ దగ్గర స, 593 దగ్గర ప, 859 దగ్గర పై స. తెలుగు అక్షరాలతో ఆ పట్టీ తయారుచేసి పెట్టాను. టీచర్ గారికి చూపించినప్పుడు ఆవిడ పాట వినడం మానేసి తెరనే చూడటం మొదలుపెట్టారు. కాసేపటికి, "ఆపు నాయనా, కొంచెం వెనక్కి తిప్పు. ఇదిగో, ఇక్కడ గాంధారం ఊపు చాలలేదు, తేలిపోయింది. వీడియో తరువాత చేద్దువు గానీ, నేను ఇది మళ్ళీ వాయిస్తాను" అన్నారు. ఇప్పుడు పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు కూడా ఆ వీడియోలు వేసి చూపిస్తున్నారు. నేను చేసిన పనుల్లో నాకు బాగా తృప్తినిచ్చింది ఇదే.

షోసీక్యూటీ ఇచ్చిన వీడియోని అలాగే వాడాల్సిన పని కూడా లేదు. దాన్ని బ్లెండర్‌లోకి తెచ్చి ఒక పలక మీద టెక్స్‌చర్‌గా పరిచి, వెలుగు ఉన్న చోట ఉపరితలం లేచేలా పెడితే గమకం కొండవాగులా పారుతుంది. దెబ్బలు బ్లెండర్ గీతలకి, స్వరం షోసీక్యూటీకి అప్పజెప్పి రెండూ ఒకే దృశ్యంలో కలపడం నా పద్ధతి.

పాట సాహిత్యం అక్షరాలుగా తెర మీద రావాలంటే మాత్రం అడోబీ వాళ్ళ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సుఖం. అందులో 'కన్వర్ట్ ఆడియో టు కీఫ్రేమ్స్' అనే ఆప్షన్ ఎడమ, కుడి, రెండూ కలిపి అని మూడు స్లయిడర్లు తయారుచేస్తుంది. అది గట్టితనం మాత్రమే చూస్తుంది, ఫ్రీక్వెన్సీ ఎంచుకునే వీలు అందులో లేదు. ముందే ఆడాసిటీలో వడగట్టిన ఫైలు ఇస్తే పనవుతుంది. నెలనెలా చందా కట్టాలి, అది చిన్న పనులు చేసుకునేవాళ్ళకి బరువే. తెలుగు విషయంలో ఒక్క సెట్టింగ్ చూసుకోవాలి: ప్రిఫరెన్సుల్లో టైప్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్ ఎంపిక ఉన్న వెర్షన్లలో దాన్ని సౌత్ ఏషియన్ అని ఉన్నదానికి మార్చాలి. లేకపోతే వత్తులు ఊడిపోయి 'అమ్మ' కాస్తా ముక్కలవుతుంది. ఇది తెలియక ఇంకా అను అనే యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైప్ చేసి అతికించేవాళ్ళు ఉన్నారు. నేను వాడుతున్న బ్లెండర్‌లో తెలుగు వత్తులు సరిగా కూర్చోవు. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు రాసి, పాత్‌గా (గీతలుగా) మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా తెచ్చుకుంటాను. అక్షరం చెడదు, త్రీడీలో మందం కూడా ఇవ్వొచ్చు.

వినాయక చవితి మండపంలోనో బతుకమ్మ సంబరంలోనో ఎల్‌ఈడీ గోడ మీద అప్పటికప్పుడు బొమ్మలు రావాలంటే పైన చెప్పినవి పనికిరావు, అవి ముందే రెండర్ చేసుకునే పనిముట్లు. అక్కడ టచ్‌డిజైనర్ బాగుంటుంది. శబ్దం లేచే వేగం, దిగే వేగం విడివిడిగా పెట్టుకోవచ్చు, ఏ శబ్దం ఏ బొమ్మకి వెళ్తుందో తీగల్లా కళ్ళ ముందే కనిపిస్తుంది. ఉచిత వెర్షన్ 1280 బై 1280 దాటనివ్వదు, డబ్బు తీసుకునే పనులకి వాడకూడదు. నేర్చుకోవడానికి అది చాలు. శబ్దం మాత్రం ల్యాప్‌టాప్ మైకు నుంచి తీసుకోవద్దు, మిక్సర్ నుంచి వైరు అడగండి. మైకులో పాటకన్నా జనం కేకలే ఎక్కువ పడతాయి.

విన్‌యాంప్ అనే పాటల ప్లేయర్ రోజుల్లో రయన్ గైస్ 2001లో తెచ్చిన, పాటకి తగ్గట్టు బొమ్మలు ఆడించే మిల్క్‌డ్రాప్ గుర్తున్నవాళ్ళకి ప్రాజెక్ట్‌ఎమ్ అనే ఉచిత రూపం ఇప్పటికీ దొరుకుతుంది. ఇంట్లో పాటలు వింటూ చూడటానికి చాలా బాగుంటుంది. ఒక పాటకి ప్రత్యేకంగా వీడియో చేయాలంటే మన అదుపులో ఉండదు. ఫోన్లో ఒక్క నొక్కుతో చేసిపెట్టే యాప్‌ల గురించి చెప్పేది తక్కువ. అన్నమయ్య కీర్తనకీ డీజే పాటకీ అవే కడ్డీలు అలాగే ఎగురుతాయి. పాడినవాళ్ళ కష్టానికి అది మర్యాద కాదు.

ఇక మంచి ఫలితానికి సగం పని కంప్యూటర్ దగ్గరికి రాకముందే జరగాలి. వాట్సాప్‌లో వచ్చిన పాట ఫైలుతో మొదలుపెట్టొద్దు. శబ్దాన్ని కుదించకుండా ఉంచే వేవ్ ఫైలు అడగండి. అంతకన్నా ముఖ్యం, గాత్రం, తాళవాద్యం, తంబురా విడివిడి ట్రాకులు అడగండి. పైన చెప్పిన మృదంగం కుడి వైపు చిక్కు దాంతో పూర్తిగా తీరిపోతుంది. పాత రికార్డింగ్ అయి ట్రాకులు దొరక్కపోతే డెమక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గాత్రాన్ని బాగానే విడదీస్తుంది. మిగతాదాన్ని డ్రమ్స్, బేస్, ఇతరం అని పంచుతుంది, మృదంగం వాటిలో ఎక్కడ తేలుతుందో ఒక్కో పాటకీ విని చూసుకోవాల్సిందే. కొత్త రికార్డింగులకి ఆ అవస్థ అక్కర్లేదు. ఫైనల్ మిక్స్ చేసిన రోజే స్టూడియో వాళ్ళని అడిగితే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తారు, నెలలు గడిచాక అడిగితే ప్రాజెక్టు డిలీట్ అయ్యే ఉంటుంది.