ఫ్రీవే ఎక్కే చోట ఆ చిన్న సిగ్నల్: తొమ్మిదేళ్లుగా వాడుతున్న నా అభిప్రాయం

అమెరికాలోని మినియాపొలిస్ వచ్చిన కొత్తలో ర్యాంప్ మీటర్, అంటే ఫ్రీవే (పెద్ద హైవే) ఎక్కే దారి మీద బండ్లను ఒక్కొక్కటిగా వదిలే సిగ్నల్, అంటే నాకు మహా చిరాకు. ఎదురుగా ఫ్రీవే కనిపిస్తూనే ఉంటుంది, మధ్యలో రెడ్ లైటు. గ్రీన్ పడితే ఒక్క కారే కదలాలి, మళ్లీ రెడ్. ముందు ఇరవై కార్లుంటే ఇక టెన్షనే.

కిందటి వేసవిలో నాన్న వచ్చారు. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. పొద్దున ఏడున్నరకి 494 ఫ్రీవే ఎక్కబోతూ ర్యాంప్ మీద ఆగాం. రెండు వరసలు, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి. కాసేపు చూసి, "తిరుమలలో కంపార్ట్‌మెంట్ల నుంచి వదిలినట్టు వదుల్తున్నారు తల్లీ. అందర్నీ ఒక్కసారే వదిలితే తోపులాటే కదా" అన్నారు. నిజంగా అంతే. పది కార్లు గుంపుగా వచ్చి పడితే కుడి లేన్‌లో వాళ్లు బ్రేకేస్తారు, వెనకవాళ్లు ఇంకా గట్టిగా వేస్తారు, చివరికి ఎక్కడో వెనక బండ్లు పూర్తిగా ఆగిపోతాయి. ఒక్కొక్కటిగా వస్తే సందు చూసుకుని కలిసిపోతాయి.

ఇక్కడ దీన్ని ఆపి మరీ చూశారు. జనం గోల పెడితే, 2000లో రాష్ట్ర శాసనసభ ఆదేశంతో సుమారు 430 ర్యాంప్ మీటర్లను ఆరు వారాలు ఆపేశారు. ఫ్రీవేల మీద వెళ్లే బండ్లు 9 శాతం తగ్గాయి, ప్రయాణ సమయం 22 శాతం పెరిగింది, ప్రమాదాలు 26 శాతం పెరిగాయి. మళ్లీ పెట్టారు, కానీ మామూలు ర్యాంపుల మీద నాలుగు నిమిషాలకు మించి ఆపకూడదని హద్దు పెట్టుకున్నారు. నాకు బాగా నచ్చింది ఇదే: జనం మాట విన్నారు, లెక్కా చూశారు.

నా బాధల్లా రెడ్ దాటేవాళ్లతోనే. జనవరిలో, రోడ్డంతా మంచు. నాకు గ్రీన్ పడి కదిలాను, పక్క వరస నుంచి ఒక పికప్ ట్రక్కు కూడా దూసుకొచ్చింది. బ్రేకు తొక్కితే పాదం కింద గరగరమంటూ వణికింది, వెనక సీట్లో పాప వాటర్ బాటిల్ ఎగిరి కిందపడింది. రెండు సెకన్లు ఆగితే అతనికీ గ్రీన్ పడేది.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. కొత్తగా వచ్చినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: గ్రీన్ పడ్డాక మెల్లగా పాకకండి, ఫ్రీవేలో కలిసే చోటికి చేరేసరికి అక్కడి బండ్ల స్పీడు మీకూ ఉండాలి.