బీచ్ శుభ్రం చేయడమా, కేసు వేయడమా?

విశాఖ తీరాన్ని కాపాడాలనుకునేవాళ్లు ఆదివారం పొద్దున్నే గ్లౌజులు తొడుక్కుని ఆర్కే బీచ్‌కి వెళ్లొచ్చు, లేదా కాగితాల పోరాటానికి దిగొచ్చు.

బీచ్‌లో ఫలితం అప్పటికప్పుడే కనిపిస్తుంది. ఇసుకలో సగం కూరుకుపోయిన నైలాన్ వల ముక్కను లాగి పారేస్తే, అందులో తాబేలు చిక్కుకునే ప్రమాదం తప్పినట్టే. పిల్లలూ ఉత్సాహంగా వస్తారు. కానీ ఒక్క పెద్ద వాన పడితే చాలు, గెడ్డలు (వాగులు) ఊళ్లోని ప్లాస్టిక్‌ను మళ్లీ సముద్రానికి తెచ్చి పోస్తాయి.

కేసు దారి నెమ్మది, టెన్షన్ ఎక్కువ. ముందు పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు, సర్వే నంబర్లు, తేదీలున్న ఫొటోలు. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వివాదం తలెత్తిన 6 నెలల్లోపు వెళ్లాలి. సరైన కారణం చూపిస్తే మరో 60 రోజులు ఇవ్వొచ్చు. అది కూడా దాటితే ఎంత న్యాయమైన ఫిర్యాదైనా నిలబడడం కష్టం.

అయినా భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్ని చూస్తే నా మొగ్గు కేసు వైపే. వేల ఏళ్లపాటు గాలీ నీరూ పేర్చిన మట్టి అది. చెత్తను రేపైనా ఏరొచ్చు, పొక్లెయిన్ చదును చేసిన దిబ్బను మళ్లీ నిలబెట్టలేం. చేతిలో ఒక్క ఆదివారమే ఉంటే బీచ్‌కి వెళ్లండి. దిబ్బల మీదికి యంత్రాలు వచ్చాయంటే మాత్రం ఆ రోజే ఫొటో తీసి, తేదీ రాసిపెట్టుకోండి.