‘కార్డ్’ పట్టికను ఎంతవరకు నమ్మవచ్చు?

యాంటీబయాటిక్ మందులకు బ్యాక్టీరియా లొంగకుండా చేసే జన్యువుల సమాచారాన్ని ఒకచోట చేర్చిన డేటాబేస్ ‘కార్డ్’. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని నిర్వహిస్తున్నారు. దీనిపై తొలి పరిశోధన పత్రం 2013లో వెలువడింది. జన్యుక్రమాన్ని అప్‌లోడ్ చేస్తే అందులోని నిరోధక జన్యువులను వెతికి పట్టికగా ఇచ్చే ‘ఆర్‌జీఐ’ సాధనం దీనికి అనుబంధంగా ఉంది. విద్యాసంస్థల పరిశోధనకు ఇది ఉచితం. వాణిజ్య అవసరాలకు లైసెన్సు తీసుకోవాలి.

దీనిపై నాకు గురి కుదిరింది జన్యువులను ఎంపిక చేసే పద్ధతిని బట్టి. సాధారణంగా ఒక జన్యువుకు ఇందులో చోటు దక్కాలంటే, దాని క్రమం జన్యుక్రమాల బహిరంగ భాండాగారమైన జెన్‌బ్యాంకులో ఉండటంతోపాటు, ఆ జన్యువు వల్ల బ్యాక్టీరియాను అడ్డుకోవడానికి కావలసిన మందు మోతాదు పెరిగిందని ప్రయోగంలో రుజువై, అది సమీక్షిత పత్రికలో అచ్చయి ఉండాలి. ఫలితాలు పర్ఫెక్ట్, స్ట్రిక్ట్, లూజ్ అని మూడు తరగతులుగా వస్తాయి. శక్తిమంతమైన యాంటీబయాటిక్‌లను విచ్ఛిన్నం చేసే ఎన్‌డీఎం-1 ఎంజైమ్ ఎదుట పర్ఫెక్ట్ అని ఉంటే, 2008లో స్వీడన్‌లోని రోగి నుంచి సేకరించిన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలో తొలిసారి కనిపించిన ఆ ఎంజైమే పొల్లుపోకుండా దొరికిందని అర్థం. స్ట్రిక్ట్ అంటే కొత్త రూపాంతరం కావచ్చు. పోలిక తక్కువగా ఉండే లూజ్ వరుసలను మాత్రం కొత్తవారు లెక్కలోకి తీసుకోకపోవడమే మేలు.

అయితే పట్టిక పొడవును చూసి నిరోధకతను అంచనా వేయకూడదు. మామూలు మందులకు సులువుగా లొంగే ప్రయోగశాల బ్యాక్టీరియా ఈ.కోలై కె-12 జన్యుక్రమాన్ని ఇచ్చినా పదుల సంఖ్యలో వరుసలు వస్తాయి. వాటిలో చాలావరకు, లోపలికి చేరిన మందును కణం బయటకు తోసే పంపులకు చెందిన ఏసీఆర్‌బీ, టీఓఎల్‌సీ వంటి జన్యువులే, అవి ఈ.కోలైకి సహజంగా ఉండేవి. అందువల్ల నిరోధక విధానాన్ని తెలిపే గడిని చదవకుండా వరుసలను కూడటం పెద్ద పొరపాటు. మరోవైపు, ఎంజీఆర్‌బీ జన్యువు దెబ్బతినడం వల్ల కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని క్లెబ్సియెల్లాలో, అదే మందుకు నిరోధకతనిచ్చే ఎంసీఆర్-1 జన్యువు కోసం మాత్రమే వెతికి లేదని నిశ్చింతగా ఉంటే మోసపోతాం.

పేగుల్లోని సూక్ష్మజీవుల సముదాయంపై పనిచేసేవారికి చిక్కు ఇంకా పెద్దది. మల నమూనా నుంచి వచ్చిన పొట్టి డీఎన్‌ఏ ముక్కలను ఆర్‌జీఐ నేరుగా పోల్చి, ఏ జన్యువుకు ఎన్ని ముక్కలు సరిపోలాయో చెబుతుంది. కానీ ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్‌ఏ వలయాల ద్వారా ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి మారే జన్యువు ప్రస్తుతం ఏ బ్యాక్టీరియాలో ఉందో ఆ ముక్కలను బట్టి తేల్చడం కష్టం. అక్కడ పొడవైన రీడ్లు, అంటే ఒకే దఫాలో చదివిన పొడవాటి డీఎన్‌ఏ ముక్కలు కావాలి. పరిశోధనకు ఈ సాధనాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. రోగికి మందు ఎంచుకునే చోట మాత్రం బ్యాక్టీరియాను పెంచి అది ఏ మందుకు లొంగుతుందో చూసే కల్చర్, సెన్సిటివిటీ పరీక్షల స్థానంలో దీన్ని వాడకూడదు.