ఆమిష్ బార్న్ వాడి చూసినవాళ్ళుగా చెప్పే సంగతులు

ముందే తేల్చి చెప్పేస్తాను: పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవ శాఖ ఆమిష్ వాళ్ళు కట్టిన మా బార్న్‌లో, అంటే గుర్రాల కొట్టంలో, చెక్కపనికి వంక పెట్టడానికి లేదు. మాకొచ్చిన తలనొప్పులన్నీ ఆ చెక్క కింద ఉన్న నేలతో, కప్పు మీంచి జారే నీళ్ళతో, మంచుతో, మధ్యలో ఉన్న డీలరుతో వచ్చినవే. కొంచెం నేల ఉన్న ఇల్లు కొనుక్కుని, పిల్లల ముచ్చట కోసం ఒకటో రెండో గుర్రాలు పెంచుదామనుకునే మన తెలుగువాళ్ళు ఈమధ్య అడుగుతున్నారు కాబట్టి, ఇన్నేళ్ళ వాడకంలో తెలిసింది రాస్తున్నాను.

మేముండేది పెన్సిల్వేనియాలో, చెస్టర్ కౌంటీలో. గుర్రాలు బాగా ఉన్న ప్రాంతం. పెద్ద జంతువుల ఆసుపత్రి న్యూ బోల్టన్ సెంటర్ కెనెట్ స్క్వేర్‌లోనే ఉంది. పడమరగా వెళ్తే లాంకస్టర్ కౌంటీ, అంటే ఆమిష్ వాళ్ళ ఊళ్ళు. మా అమ్మాయికి స్వారీ పిచ్చి పట్టి, బయటివాళ్ళ కొట్టంలో గుర్రాన్ని ఉంచినందుకు (బోర్డింగ్‌కి) నెలనెలా కట్టే డబ్బు చూసి మాకు కళ్ళు తిరిగి, చివరికి 2017లో ఇంటి వెనకే బార్న్ పెట్టించాం. ఇప్పుడు అందులో మూడు ప్రాణులున్నాయి. రేసులు మానేసిన స్టాండర్డ్‌బ్రెడ్ మగగుర్రం, ఒక క్వార్టర్ హార్స్ ఆడగుర్రం, బెల్లం అని మేం పేరు పెట్టుకున్న పొట్టి పోనీ. ముగ్గురిలోకీ పొగరు బెల్లానికే ఎక్కువ.

మా బార్న్ కొలత ముప్పై ఆరుకు ముప్పై ఆరు అడుగులు. మధ్యలో పన్నెండడుగుల నడవ, అటూ ఇటూ మూడేసి గదులు. నాలుగు స్టాల్స్ (గుర్రాలుండే గదులు), జీనులూ కళ్ళేలూ పెట్టుకునే గది ఒకటి, దాణా గది ఒకటి. ఒక్కో స్టాల్ పన్నెండుకు పన్నెండు. మామూలు సైజు గుర్రానికి ఇదే అందరూ వాడే కొలత, దీనికన్నా తగ్గించొద్దు. రెండు స్టాల్స్ మధ్య గోడ పలకలు ఊడదీసేలా పెట్టమని అడిగాం. గుర్రం ఈనాల్సి వచ్చినా, జబ్బు చేసి ఎక్కువ చోటు కావాల్సి వచ్చినా రెండూ కలిపి పెద్ద గది చేసుకోవచ్చు. ఆ పలకలు మేం తీసింది తక్కువే కానీ, తీసిన రోజున మాత్రం అడిగి మంచి పని చేశాం అనుకున్నాం.

స్తంభాలు పాతి అక్కడికక్కడే కట్టే పోల్ బార్న్ కూడా ఆలోచించాం. అది వారాల తరబడి సాగే పని, మధ్యలో వానొస్తే ఆగుతుంది. ప్రీఫ్యాబ్, అంటే షాపులో ముందే తయారుచేసి తెచ్చి బిగించేది అయితే, పని దాదాపు అంతా షెడ్డులో, పొడి చోట జరుగుతుంది. చెక్క తడవదు, కోతలు సూటిగా ఉంటాయి. లాంకస్టర్‌లో మేం చూసిన షాపులో కరెంటు తీగ లేదు. బయట డీజిల్ ఇంజిన్ ఒకటి నడుస్తుంటుంది, దాని గాలి ఒత్తిడితోనూ హైడ్రాలిక్స్‌తోనూ రంపాలూ డ్రిల్లులూ ఆడుతుంటాయి. పనివాళ్ళు తమలో తాము పెన్సిల్వేనియా డచ్ మాట్లాడుకుంటారు, అది జర్మన్‌కు చుట్టం. ఫోన్లు తీసి మొహాల మీద పెట్టకండి, వాళ్ళకి నచ్చదు. మన వాళ్ళకి ఇది చెప్పక తప్పదు.

అసలు నన్ను ఒప్పించింది ఆ షాపులో బార్న్‌లు కట్టే పెద్దాయన అడిగిన ప్రశ్నలు. రంగు ఏం కావాలి, కిటికీలు ఎన్ని అన్నవి తర్వాత. ముందు అడిగింది చలికాలంలో మీ నేల మీద గాలి ఎటు నుంచి కొడుతుంది, వాన నీళ్ళు ఎటు పారుతాయి, గుర్రాల్లో ఏది ఎవరితో పడదు అని. రోజూ బగ్గీకి గుర్రం కట్టే మనిషి కదా. మా స్టాండర్డ్‌బ్రెడ్ ఫోటో చూపిస్తే నవ్వాడు. వాళ్ళ బగ్గీలకీ ఎక్కువగా ఆ జాతే, రేసు ట్రాకుల నుంచి బయటికొచ్చినవే. ఆయన మాట మీదే నడవ తలుపులు వాయవ్యపు గాలికి ఎదురుపడకుండా తిప్పాం, స్టాల్స్ వెనక తలుపులు వీలైనంతవరకూ ఎండ పడే దిక్కుకి పెట్టాం. గుంటూరు నుంచి మా నాన్న ఫోన్లో వాస్తు అడుగుతూనే ఉన్నారు. దిక్కులు చెప్పగానే "సరిపోయిందమ్మా, ఆయనకీ తెలుసన్నమాట" అని ఊరుకున్నారు.

మాట్లాడటం మాత్రం మనకి అలవాటైన పద్ధతిలో కుదరదు. ఈమెయిల్ లేదు, మెసేజ్ లేదు. ఇంట్లో ఫోను పెట్టుకోరు, దూరంగా చిన్న గదిలో ఉంటుంది. వాయిస్‌మెయిల్ పెడితే తెల్లారుజామున తిరిగి చేస్తారు. ఆదివారం అసలు అడగొద్దు. డిసెంబర్ 26, అసెన్షన్ డే (క్రీస్తు ఆరోహణ పండుగ) లాంటివి కూడా వాళ్ళకి సెలవులే. అక్టోబర్ ఆఖరు నుంచి డిసెంబర్ మొదటి దాకా పెళ్ళిళ్ళ కాలం, అవి మంగళ, గురువారాల్లో పెట్టుకోవడం వాళ్ళ ఆనవాయితీ. ఆ రోజుల్లో డెలివరీ కావాలంటే వాళ్ళకీ మనకీ టెన్షనే. ముహూర్తాల గోల మనకేం కొత్త కాదు కాబట్టి నేను పెద్దగా విసుక్కోలేదు. చెప్పిన వారానికి వచ్చారు, అది ముఖ్యం.

డీలరు సంగతి వేరు. మేం కాగితాలు రాసుకుంది ఆమిష్ షాపుతో కాదు, మధ్యలో ఉన్న కంపెనీతో. నేల చదును చేసే బాధ్యత కొనేవాళ్ళదే అని ఒక్క ముక్క అందులో చిన్న అక్షరాల్లో ఉంది. ఆ ఒక్క ముక్క ఎంత పెద్దదో తర్వాత తెలుస్తుంది. పైమట్టి గీకేసి, కంకర పోసి, పొరపొరకీ దిమ్మిస కొట్టించి, మట్టం చూసి, బార్న్ కన్నా చుట్టూ అడుగో రెండడుగులో ఎక్కువ వెడల్పుగా దిమ్మె చేయాలి. మా నేల వాలుగా ఉంది కాబట్టి ఒక వైపు గట్టు కూడా కట్టాల్సి వచ్చింది. నా సలహా ఒకటే: ఈ పనిలో పైసా మిగుల్చుకోవాలని చూడొద్దు. ఇక్కడి చలికి నేలలో తేమ గడ్డకట్టి ఉబ్బుతుంది. కింద నీరు నిలిస్తే చట్రం ఒక మూల లేస్తుంది, ఆ మూల తలుపు ఆ ఏడు నుంచి సరిగ్గా పడదు. 2021 సెప్టెంబర్ 1న ఐడా తుఫాను మిగులు వాన మా కౌంటీని ముంచేసింది, బ్రాండీవైన్ వాగు పొంగి ఊళ్ళలోకి వచ్చింది. మర్నాడు బార్న్‌లోకి వెళ్తే నడవ తడిసి ఉంది కానీ స్టాల్స్‌లో నీరు నిలవలేదు. ఆ పుణ్యం కంకర దిమ్మెది.

బిగింపు చూడముచ్చటైన పని. రెండు పక్కల గదుల వరసలూ తయారై ట్రక్కుల మీద వచ్చాయి. దారిలో మా డ్రైవ్‌వే పక్కనున్న మేపుల్ కొమ్మలు ముందే కొట్టించి పెట్టాం, లేకపోతే ట్రక్కు లోపలికి రాదు. వాటిని దిమ్మె మీదికి దింపి, మట్టం సరిచేసి, మధ్య నడవ మీద వాసాలూ కప్పూ అక్కడే బిగించారు. కుర్రాళ్ళు మాటలు తక్కువ, చేతులు ఎక్కువ. వెళ్ళేటప్పుడు అయస్కాంతం కర్ర పట్టుకుని గడ్డి అంతా తిరిగి రాలిన మేకులు ఏరేశారు. గుర్రం డెక్కలో మేకు దిగితే ఏమవుతుందో తెలిసినవాళ్ళే చేసే పని అది.

ఇక వాడకం. స్టాల్ లోపల నాలుగడుగుల ఎత్తు వరకూ వైట్ ఓక్ పలకలు వేయించాం. పైన్ అయితే చవకే కానీ తన్నులకి ఆగదు, కొరుకుడికీ ఆగదు. మా ఆడగుర్రానికి దాణా ఆలస్యమైతే వెనక కాలితో గోడని దబదబా బాదే అలవాటుంది. అదే చోట ఇన్నేళ్ళుగా బాదుతున్నా పలక మీద డెక్క అచ్చులు పడ్డాయి తప్ప చీలిక లేదు. చెక్క అంచులకి ఇనప పట్టీలు అడిగి వేయించుకోండి. పట్టీ లేని ఒకే ఒక్క అంచు, కిటికీ కింది చట్రం, నున్నగా అరిగి లోపలికి వంపు తిరిగింది.

గొళ్ళేల గురించి ఒక మాట. జారుడు తలుపుకి వాళ్ళిచ్చిన గడియ గట్టిదే. అయినా మా స్టాండర్డ్‌బ్రెడ్ ఊచల సందులోంచి పైపెదవి సాచి, గడియ పిడిని అటూ ఇటూ తడిమి, పైకి లేపి, పక్కకి తోసేస్తాడు. తీరుబడిగా, తాళంచెవి చేతిలో ఉన్నట్టే. తను బయటికొచ్చి ఊరుకోడు, బెల్లం గడియ కూడా తీస్తాడు. దాణా గదికి తాళం వేసి ఉండబట్టి సరిపోయింది, గింజలు అడ్డూ అదుపూ లేకుండా తింటే గుర్రానికి ప్రాణం మీదికి వస్తుంది. కిందివైపు, మూతికి అందని చోట, ఇంకో కొక్కెం పెట్టించాక ఆ ఆట కట్టింది.

మన వాళ్ళకి గట్టిగా చెప్పాల్సింది గాలి గురించి. మనకి చలేస్తే గుర్రానికీ వేస్తుందనుకుని తలుపులు, కిటికీలు అన్నీ బిగించేస్తాం. ఒంటి మీద దట్టమైన బొచ్చు పెంచుకున్న గుర్రానికి పొడి చలి లెక్కలోది కాదు. దాన్ని చంపేది మూత్రం నుంచి లేచే అమ్మోనియా, గడ్డి దుమ్ము. పొద్దున్నే వెళ్ళి నిలబడి వాసన చూస్తే సరిపోదు. స్టాల్ నేల మీదికి వంగి, గుర్రం పడుకుంటే దాని ముక్కు ఉండే ఎత్తులో ఊపిరి పీల్చి చూడండి. కళ్ళు మండితే గాలి చాలడం లేదన్నమాట. మా పెద్దాయన కప్పు శిఖరం పొడుగునా గాలి సందు, చూరు కింద సందు పెట్టాలని పట్టుబట్టాడు. దానికి తోడు ప్రతి స్టాల్‌కీ వెనక పైరెక్క కిందరెక్క విడివిడిగా తెరుచుకునే తలుపు ఉంది. చలికాలంలో కూడా పైరెక్కలు తెరిచే ఉంచుతాం. ఈ తలుపులకి డబ్బు ఎక్కువే, అయినా మొత్తం బార్న్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినవి ఇవే. ఏ గుర్రాన్ని ఆ గుర్రం గదిలోంచి నేరుగా బయటికి వదలొచ్చు.

స్టాల్స్‌లో గచ్చు ఉండదు. నాన్న వచ్చినప్పుడు ముందు అడిగింది అదే: "నాపరాళ్ళు పరిచి వాలు పెట్టకపోతే మురుగెట్లా పోతుందే?" రాతిపొడి గట్టిగా దిమ్మిస కొట్టి, పైన ముప్పావు అంగుళం రబ్బరు మ్యాట్లు వేస్తాం. నాలుగుకు ఆరడుగుల మ్యాట్ దాదాపు వంద పౌన్లు ఉంటుంది, ఒక స్టాల్‌కి ఆరు పడతాయి. ఇవి బార్న్ ధరలో రావు. వేసేవాళ్ళని కూడా ముందే మాట్లాడుకోండి, మా ఆయన నడుం ఇప్పటికీ ఆ మ్యాట్లని తిడుతుంది.

ఇప్పుడు ఫిర్యాదులు. లోహపు కప్పు మంచిదే కానీ, దాని మీద మంచు పేరుకుని ఒక్కసారిగా జారి సరిగ్గా ఆ వెనక తలుపుల ముందే పడుతుంది. 2021 ఫిబ్రవరి మొదట్లో వచ్చిన పెద్ద మంచుకి ఆ చప్పుడు విని ఆడగుర్రం స్టాల్‌లో గిర్రున తిరిగింది. మంచుని ఆపే కొక్కేలు కప్పుకి పెట్టాలన్న సంగతి డీలరు ఎప్పుడూ ఎత్తలేదు, తర్వాత విడిగా పెట్టించుకున్నాం. చూరు కాలువలు కూడా అంతే, అవి "అదనం" అన్నారు. మాది దాదాపు పదమూడు వందల చదరపు అడుగుల కప్పు. అంగుళం వాన పడితే ఎనిమిది వందల గ్యాలన్ల నీళ్ళు రెండు వైపులా దిగుతాయి. అన్ని నీళ్ళు దిగే చోట కాలువలు ఎలా అదనం అవుతాయో నాకర్థం కాలేదు. ఒకటి రెండు తలుపులు వానాకాలంలో ఉబ్బి పట్టేశాయి. షాపుకి వాయిస్‌మెయిల్ పెడితే మనిషిని పంపి చిత్రిక పట్టించారు, డబ్బు అడగలేదు. దక్షిణం వైపు పలకల మీద రంగు మిగతా మూడు వైపులకన్నా ముందే వెలుస్తుంది, ఆ వైపు మాత్రం తరచూ వేసుకోవాల్సిందే.

కరెంటు పని మన ఎలక్ట్రీషియన్‌తోనే. తీగలన్నీ గొట్టాల్లోంచి వెళ్ళాలి, ఎలుకలు కొరికితే ఎండుగడ్డి పక్కన నిప్పు రవ్వ చాలు. అందుకే మేం గడ్డి నిల్వ బార్న్‌లో పెట్టం, దూరంగా చిన్న షెడ్డులో ఉంటుంది. నీటి పైపు నేల గడ్డకట్టే లోతుకి కింద నుంచి తెచ్చుకోవాలి.

లద్ది సంగతి బార్న్ రాకముందే ఆలోచించండి. ఒక్కో పెద్ద గుర్రం రోజుకి యాభై పౌన్ల దాకా వేస్తుంది. కెనెట్ స్క్వేర్ చుట్టూ పుట్టగొడుగుల ఫారాలు ఉన్నాయి, వాళ్ళ కంపోస్టుకి గుర్రపు లద్ది వాడతారు కదా, తీసుకెళ్తారులే అనుకుంటారు అందరూ. వాళ్ళకి కావాల్సింది గోధుమ గడ్డి పరిచిన లద్ది. మేం వాడేది చెక్క రజను, అది వాళ్ళకి పనికిరాదు. కుప్ప వేసి కుళ్ళబెట్టి పొలంలో చల్లుకుంటాం. పెన్సిల్వేనియాలో అలా చల్లే ప్రతి ఫారానికీ, ఎంత చిన్నదైనా, కాగితం మీద ఎరువు ప్రణాళిక ఉండాలి. టౌన్‌షిప్ (స్థానిక పాలన) ఇచ్చే జోనింగ్ అనుమతి, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పేది, దీనికి వేరు. సరిహద్దు నుంచి ఎంత దూరం వదలాలో ముందే అడిగి, తర్వాత బార్న్ సైజు తేల్చుకోండి.

ధర అంకె రాయడం లేదు. 2021లో కలప రేట్లు ఆకాశానికి వెళ్ళాయి, మా 2017 రసీదు ఇప్పుడు ఎవరికీ ఉపయోగపడదు. లెక్క మాత్రం చెప్పగలను: బార్న్‌కి కట్టిన డబ్బు మీద దిమ్మె, కరెంటు, నీరు, కాలువలు, మ్యాట్లు అన్నీ కలిపి ఇంకో మూడో వంతు అయింది. డీలరు ఇచ్చే కాగితంలో ఇవేవీ కనబడవు.

వర్జీనియాలో ఉన్న మా పిన్ని కూతురు రెండు గుర్రాల కోసం ఇలాంటిదే కొంటానంది. వద్దన్నాను. గుర్రాలు రోజంతా బయటే తిరిగే చోట, పన్నెండుకు ఇరవై నాలుగు అడుగుల రన్-ఇన్ షెడ్డు, మూడు వైపులా గోడ, ఒక వైపు తెరిచి ఉండేది, చాలు. అదీ ఆమిష్ వాళ్ళే కడతారు, లోపల ఓక్ పలకలతో సహా. దాంట్లోనే ఒక చివర జీనుల గది వేయించుకోమన్నాను, దిమ్మె మాత్రం పని బాగా తెలిసినవాడితో వేయించమన్నాను.