ఉప్పు గాలిలో షెల్ టో: విశాఖ వీధుల్లో అడిడాస్ సూపర్‌స్టార్

విశాఖలో తెల్ల షూ పాడయ్యేది బురద వల్ల కాదు. బురద కంటికి కనిపిస్తుంది, కడిగితే పోతుంది. చడీచప్పుడు లేకుండా తినేసేవి వేరే ఉన్నాయి: సముద్రం మీంచి వచ్చే ఉప్పు తేమ, రేవు వైపు నుంచి ఎగిరొచ్చే బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర అంటుకునే ఎర్ర ఇసుక. హిప్‌హాప్ వీధి పద్ధతిలో షూ ఎప్పుడు చూసినా అప్పుడే డబ్బాలోంచి తీసినట్టుండాలి. ఆ పద్ధతి న్యూయార్క్‌లో పుట్టింది, అక్కడి వాతావరణానికి సరిపోయింది. ఇక్కడి ఉక్కలో తక్కువ చాకిరీతో ఆ తెలుపును నిలబెట్టే షూ ఏది అన్నదే మా కొలత. ఆ కొలతకు అడిడాస్ సూపర్‌స్టార్ బాగానే నిలిచింది, కొన్ని చోట్ల తప్ప. (మన దగ్గర సూపర్‌స్టార్ అంటే కృష్ణగారే. ఈ వ్యాసంలో మాత్రం షూ.)

పుట్టుకతో ఇది బాస్కెట్‌బాల్ షూ. కరీమ్ అబ్దుల్ జబ్బార్ లాంటి ఆటగాళ్లు కోర్టులో వేసుకున్నారు. కాలి వేళ్ల మీద ఎవరైనా తొక్కితే దెబ్బ తగలకుండా ముందు భాగంలో గీతలున్న రబ్బరు చిప్ప పెట్టారు, షెల్ టో అన్న పేరు దాంతోనే వచ్చింది. కోర్టులో దీని పని అయిపోయాక 1980ల్లో న్యూయార్క్ వీధులు దీన్ని దత్తత తీసుకున్నాయి. క్వీన్స్‌లోని హాలిస్ కుర్రాళ్ల ర్యాప్ బృందం రన్ డీఎంసీ వాళ్లు లేసులు తీసేసి, నాలుకను (లేసుల కింద పాదం మీద ఉండే పట్టీని) బయటికి లాగి వేసుకున్నారు. జైల్లో ఖైదీల షూ లేసులు తీసేస్తారు కాబట్టి ఇది నేరస్తుల వేషమని అక్కడి పెద్దలు గొణిగారు, క్వీన్స్ డాక్టరొకాయన తిడుతూ పాటే రాశాడు. దానికి జవాబుగా 1986లో రన్ డీఎంసీ ఈ షూ మీదే పాట కట్టింది. అదే ఏడాది మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కచేరీలో వాళ్లు అడగ్గానే వేలమంది షూలు విప్పి గాల్లోకి ఎత్తారు. అడిడాస్ మనిషి ఒకాయన అక్కడుండి అదంతా చూశాడు, ఆ తర్వాత కంపెనీ రన్ డీఎంసీతో ఒప్పందం చేసుకుంది. ఆటగాడు కాని సంగీత బృందంతో షూ కంపెనీ చేసుకున్న పెద్ద ఒప్పందాల్లో అది తొలినాటిది.

ఇక షూ సంగతి. అడుగు మొత్తం గిన్నెలా పోతపోసిన గట్టి రబ్బరు. పై తోలును అందులో కూర్చోబెట్టి, గమ్ పెట్టి, చుట్టూ దారంతో కుట్టారు. విశాఖకు ఇది పనికొచ్చేది ఈ కుట్టు వల్లే. తేమకు గమ్ వదిలినా కుట్టు పట్టుకునే ఉంటుంది. పాలియురేథేన్ ఫోమ్ అడుగులున్న షూల కథ వేరు. నైకీ వాళ్ల బాస్కెట్‌బాల్ షూలు జోర్డాన్ 3, 4 లాంటివి ఈ కోవలోవే. గాల్లో తేమ ఆ ఫోమ్‌లోకి దిగి దాని అణువుల గొలుసును తెంచేస్తుంది, దీన్నే హైడ్రాలిసిస్ అంటారు. అపురూపంగా అల్మరాలో దాచిన జత కొన్నేళ్ల తర్వాత బయటికి తీస్తే అటుకుల్లా రాలిపోతుంది. తరచూ వేసుకునే జత అడుగు నొక్కుకుంటూ లోపలి తేమను బయటికి నెడుతుంది కాబట్టి మరికొన్నాళ్లు బతుకుతుంది. సూపర్‌స్టార్ గట్టి రబ్బరుకు ఈ జబ్బు లేదు.

పోటీలో ఉన్న మిగతా రెంటి గురించి కూడా చెప్పాలి. నైకీ ఎయిర్ ఫోర్స్ 1 (1982) తొడుక్కుంటే హాయి ఎక్కువ, మడమ కింద మెత్తగా ఉంటుంది. అయితే వేళ్ల మీద తోలుకు గాలి రంధ్రాలున్నాయి. పూర్ణా మార్కెట్, జ్ఞానాపురం వైపు రోజూ తిరిగేవాళ్లకు ఆ రంధ్రాల్లో నల్ల దుమ్ము పేరుకుని చుక్కలు చుక్కలుగా మిగిలిపోతుంది, టూత్‌పిక్‌తో ఒక్కోటీ తీసుకోవాల్సిందే. పైగా వేళ్ల దగ్గర తోలు మడతలు పడుతుంది. సూపర్‌స్టార్‌కు అక్కడ చిప్ప ఉంది కాబట్టి మడతా లేదు, రంధ్రమూ లేదు. ప్యూమా స్వేడ్ బ్రేకింగ్ (హిప్‌హాప్ డాన్స్) చేసేవాళ్ల పాత నేస్తం. తేలిక, అడుగు బాగా వంగుతుంది. కానీ నూగు తోలు జూలై నుంచి నవంబర్ దాకా ఇక్కడ బూజు పట్టకుండా ఉండాలంటే వారానికోసారి బ్రష్ పెట్టాలి. అంత ఓపిక ఉన్నవాళ్లు తక్కువ.

సైజు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. సూపర్‌స్టార్ కాస్త పెద్దగా వస్తుంది. మిగతా షూలు యూకే 8 వేసుకునేవాళ్లకు 7.5 సరిపోతుంది. పాదం వెడల్పుగా ఉన్నవాళ్లు మాత్రం తగ్గించకూడదు. తోలు సాగుతుంది, చిప్ప సాగదు. సాయంత్రం పూట, రోజూ వేసుకునే మేజోళ్లతోనే వేసి చూడాలి, మన ఎండకు పొద్దుటికీ సాయంత్రానికీ పాదం ఉబ్బులో తేడా ఉంటుంది. మునివేళ్ల మీద లేచినప్పుడు చిప్ప అంచు చిటికెన వేలిని నొక్కితే ఆ సైజు వద్దు, "వాడగా వాడగా సర్దుకుంటుంది" అన్న అమ్మకందారు మాట వినొద్దు. మడమ దగ్గర గట్టిదనం మాత్రం నిజంగానే పది పన్నెండు రోజుల్లో సర్దుకుంటుంది.

ధర పది వేలకు అటూ ఇటూ. ద్వారకానగర్, సిరిపురం, మద్దిలపాలెం వైపు బ్రాండ్ షోరూముల్లో కొన్నా, ఆన్‌లైన్లో కొన్నా ముందు లేబుల్ చూడాలి. నాలుక లోపలి లేబుల్ మీద, డబ్బా మీద ఆర్టికల్ నంబరు ఒకటే ఉండాలి. బొమ్మలుంటే అవీ చదవాలి: పరిచిన జంతు చర్మం ఆకారం ఒక్కటే ఉంటే తోలు, ఆ చర్మం మధ్యలో డైమండ్ ఉంటే పైపూత వేసిన తోలు, డైమండ్ ఒక్కటే ఉంటే సింథటిక్. మన వాతావరణానికి పూత వేసిన తోలు మంచిదే, తేమను తొందరగా లోపలికి పోనివ్వదు. పూర్తి సింథటిక్ అయితే చిప్ప వెనకాల మడతలో పగిలి పెచ్చులు లేస్తుంది, దానికి మందు లేదు.

ఫస్ట్ కాపీలు పైన పటారం, లోన లొటారం. చుట్టూ కుట్టు ఉన్నట్టు అచ్చులోనే గీతలు పోస్తారు. గోరు పెట్టి లాగితే దారం కదలదు, ఎందుకంటే అక్కడ దారమే లేదు. షూ పక్కనుండే చారల అంచులు అసలుదానిలో రంపపు పళ్లలా ఉంటాయి, కాపీలో తరచూ నున్నగా కోసేస్తారు. అడుగు పీవీసీ అయితే మే నెల తారు రోడ్డు మీద మెత్తబడుతుంది, వాన పడితే జారుతుంది.

లేసులకు రెండు దారులున్నాయి. లావు లేసులు అమ్మకానికి రాకముందు బ్రాంక్స్ కుర్రాళ్లు మామూలు లేసులనే సాగదీసి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి వెడల్పు చేసుకునేవాళ్లు. గంజి మనకు కొత్త కాదు గానీ ఇక్కడ ఆ పని వద్దు. రెండు రోజుల్లో గంజి తేమ లాగి లేసు వడలిపోతుంది, వానాకాలంలో బూజు కూడా పడుతుంది. రెండు సెంటీమీటర్ల వెడల్పు పాలిస్టర్ లేసు కొనుక్కుంటే గంజి అక్కర్లేదు. ఇస్త్రీ మాత్రం తక్కువ వేడి మీద, పైన గుడ్డ వేసి చేయాలి, లేకపోతే ముడుచుకుపోతుంది.

రెండోది లేసుల్లేకుండా వేసుకోవడం. ఉత్తినే తీసేస్తే నడకలో మడమ జారిపోతుంది, చెమట తోడైతే బొబ్బలు. టైలరింగ్ సామాన్ల కొట్లో సెంటీమీటరు వెడల్పు తెల్ల ఎలాస్టిక్ కొని, కింది నుంచి రెండో జత రంధ్రాల్లోకి లోపలి వైపు నుంచి దూర్చాలి. మధ్య భాగం నాలుక కింద, పాదం మీదుగా పోవాలి. పాదం లోపల పెట్టి, వేలు పట్టేంత వదులు ఉంచి, ముడి లోపలే వేయాలి. నాలుక స్వేచ్ఛగా బయటికి నిలబడుతుంది, మడమ కదలదు. చెమటకు ఎలాస్టిక్ మూడు నాలుగు నెలల్లో సాగిపోతుంది, మార్చేయాలి. మేజోళ్లు లేకుండా మాత్రం ఎవరూ ప్రయత్నించొద్దు, చిప్ప గాలి ఆడనివ్వదు, వాసన మీ వెంటే వస్తుంది.

శుభ్రం చేయడంలో మొదటి తప్పు తడిగుడ్డ. ఇనుప దుమ్ము మీద తడి తగిలితే మరక లోపలికి దిగి తుప్పు రంగు తేలుతుంది. ముందు పొడి బ్రష్‌తో, ముఖ్యంగా చిప్ప గీతల్లోంచి, కుట్టు పొడవునా దులపాలి. తర్వాత అర లీటరు గోరువెచ్చని నీళ్లలో నాలుగైదు చుక్కల పిల్లల షాంపూ వేసి, తోలును మెత్తని గుడ్డతో, రబ్బరును పాత టూత్‌బ్రష్‌తో తుడవాలి. మ్యాజిక్ స్పాంజ్ రబ్బరు వరకే. అది సన్నని గరుకు కాగితం లాంటిది, తోలు పూతను గీకేస్తుంది. ఆర్కే బీచ్‌లో తిరిగొచ్చాక ఆరిన తోలు మీద తెల్లటి గీత తేలితే అది ఉప్పు. ఒక వంతు వెనిగర్, రెండు వంతుల నీళ్లు కలిపి తుడిచి, వెంటనే మంచినీళ్లతో మళ్లీ తుడవాలి. ఉప్పును అలాగే వదిలేస్తే గాల్లో తేమను లాగుతూనే ఉంటుంది.

తుప్పు మరకకు, ఎర్ర ఇసుక మరకకు బ్లీచింగ్ వాడితే అసలుకే మోసం. రెంటిలోనూ ఉన్నది ఇనుమే, బ్లీచింగ్ దాన్ని ఇంకా ముదురు చేస్తుంది, రబ్బరును కూడా పచ్చబరుస్తుంది. వంద మిల్లీలీటర్ల నీళ్లలో టీ చెంచా నిమ్మ ఉప్పు కరిగించి, దూదితో మరక మీద ఐదు నిమిషాలు ఉంచి, బ్రష్‌తో రుద్ది కడిగేయాలి. ఇదీ రబ్బరు మీదే. బంగారు రంగు అక్షరాల జోలికి ఏ ద్రావణంతోనూ వెళ్లొద్దు, నీళ్లు ముట్టిన తడిగుడ్డే దానికి ఎక్కువ.

చిప్ప పచ్చబడటం ఈ షూకున్న అసలు రోగం. ఎండ, గాలి, సరిగా కడగని సబ్బు కలిసి చేసే పని ఇది. బ్యూటీ పార్లర్ సామాన్ల కొట్లో దొరికే 40 వాల్యూమ్ డెవలపర్ క్రీమ్, అంటే 12 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, దీనికి పనిచేస్తుంది. తోలుకూ కుట్టుకూ మాస్కింగ్ టేప్ వేసి, చేతికి గ్లౌజులు తొడిగి, చిప్ప మీద మందంగా, అంతటా ఒకేలా పూసి, వంటింటి ప్లాస్టిక్ రేకుతో గాలి దూరకుండా చుట్టి ఎండలో పెట్టాలి. చల్లటి దేశాల వీడియోలు చూసి నాలుగు గంటలు వదిలేస్తే మన ఎండకు రేకు కిందే క్రీమ్ ఎండి, చిప్ప పులిచారలు తేలుతుంది. పొద్దున్న ఎండలో మొదలుపెట్టి, ముప్పావుగంటకోసారి విప్పి మళ్లీ పూయాలి. రెండు మూడు విడతలు చాలు. కొన్ని నెలల తర్వాత పచ్చదనం తిరిగొస్తుంది, అది తెలిసే చేయాలి.

ఆరబెట్టడం నీడలో, ఫ్యాను కింద. ఎండలో పెడితే గమ్ మెత్తబడి తోలు బిగుసుకుంటుంది. లోపల న్యూస్‌పేపర్ కుక్కితే సిరా తెల్ల లోపలి గుడ్డకు అంటుతుంది, పాత నూలు గుడ్డ మేలు, రెండు గంటలకోసారి మార్చాలి. దాచేటప్పుడు మూత బిగిసే డబ్బాలో నారింజ రంగు సిలికా గింజలు వేసిన చిన్న సంచి పెట్టండి. గింజలు ఆకుపచ్చగా మారితే తేమతో నిండాయని గుర్తు. వంటకు వాడని పెనం మీద సన్నని సెగన వేడిచేస్తే మళ్లీ నారింజకొస్తాయి. కర్పూరం ఉండలు పురుగుల కోసమే, తేమను తీయవు.

డాన్స్ చేసేవాళ్లకు ఒక మాట. అడుగున చేప ఎముకల్లాంటి గీతలున్నాయి, నున్నటి గ్రానైట్ మీద పట్టు బాగుంటుంది. కానీ బీచ్ రోడ్డు ఇసుక ఆ గీతల్లో చేరితే పట్టు పూర్తిగా పోతుంది. నేల మీదికి దిగే ముందు అడుగును తడిగుడ్డ మీద రెండుసార్లు రుద్దుకోవాలి. కాలు ఈడ్చే కదలికల్లో చిప్ప వేళ్లను కాపాడుతుంది. బరువు మాత్రం తెలుస్తుంది. గంటకు పైగా ఫుట్‌వర్క్ చేసేవాళ్లు దీన్ని ఊళ్లో తిరగడానికి ఉంచుకుని, సాధనకు స్వేడ్ లాంటిది తీసుకోవడమే నయం. గరుకు సిమెంటు మీద రోజూ చేస్తే ముందుపాదం కింద గీతలు ముందుగా చెరిగిపోతాయి.

దీనికి జతగా ఆ రోజుల్లో వేసుకున్న నైలాన్ ట్రాక్‌సూట్ మన ఉక్కలో ఆవిరి స్నానమే. వదులు కాటన్ ప్యాంటు, 180 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు, గ్రాముల్లో) టీషర్టు వేసుకుంటే చాలు. ఆన్‌లైన్లో గొప్పగా చెప్పే 240 జీఎస్ఎం డిసెంబర్ సాయంత్రాలకు దాచుకోవచ్చు. ప్యాంటు అంచు నాలుక వెనకాల పడాలి, మీద పడితే షూ కనిపించదు.

ఏడాది రెండేళ్లకు దెబ్బతినే చోటు ఒకటే: చిప్ప, తోలు కలిసే అంచు. నడిచినప్పుడు వంపు అక్కడే పడుతుంది కాబట్టి సందు విచ్చుకుంటుంది. సూపర్ గ్లూ వేయొద్దు, గాజులా గట్టిపడి రెండో రోజే పగులుతుంది. సందులో ఇసుక తీసి, గరుకు కాగితంతో రెండు వైపులా రుద్ది, చెప్పులు కుట్టే చోట వాడే రబ్బరు సొల్యూషన్ పల్చగా పూసి, పది పదిహేను నిమిషాలు ఆగి జిగట వచ్చాక నొక్కి, రాత్రంతా బరువు కింద ఉంచాలి. తెల్ల నైలాన్ దారంతో పాత రంధ్రాల్లోంచే కుట్టించుకోవాలి. కొత్త రంధ్రాలు పొడిస్తే రబ్బరు అక్కడి నుంచే చిరుగుతుంది, ఆ మాట సూది ఎత్తకముందే చెప్పాలి.