హన్మకొండ, వరంగల్ వాళ్లకు జాగ్రత్త: ‘90 రోజుల సంతాన డైట్ కిట్’ కొనేముందు డబ్బా వెనక్కి తిప్పి చదవండి

పిల్లల కోసం దవాఖానకు తిరుగుతున్న ఆలుమగలు, ముఖ్యంగా ఐయూఐకో (వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించే చికిత్స) ఐవీఎఫ్‌కో (ల్యాబులో పిండం తయారుచేసే చికిత్స) తయారవుతున్నవాళ్లు, ఇది చదివినంకనే పైసలు కట్టండి. హన్మకొండలో కొన్న ఒక కిట్‌ను విప్పి, ప్రతి లేబులూ చదివి రాస్తున్నాం. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇదే తీరు సరుకు ఇంకో పేరుతో కరీంనగర్‌లోనో జనగామలోనో మీ ముందుకు రావచ్చు, అందుకే పేరు కన్నా లోపల ఏముందో తెలుసుకోవడం ముఖ్యం.

కిట్‌లో ఉన్నవి: ఆమెకు ఒక ప్రొటీన్ పొడి డబ్బా, జుట్టుకూ చర్మానికీ అని గోలీలు, ఆయనకు క్యాప్సూళ్లు, లేబుల్ లేని నల్లటి చూర్ణం పొట్లం, ఒక డైట్ చార్టు.

అన్నిటికన్నా చెరుపు చేసేది ఎవరూ అనుమానించని ఆ జుట్టు గోలీ. ఒక్కో గోలీలో బయోటిన్ అనే బి విటమిన్ 10,000 ఎంసీజీ (మైక్రోగ్రాములు), అంటే 10 మిల్లీగ్రాములు. ఒంటికి రోజుకు కావలసింది 30–40 ఎంసీజీ మాత్రమే. ఎక్కువైంది మూత్రంలో పోతుంది, విషం కాదు, నిజమే. కానీ పోయేలోపు రక్తంలో ఉంటుంది, చిక్కంతా అక్కడే. హార్మోన్ పరీక్షలు చేసే చాలా మిషన్లు బయోటిన్‌నే అతుకు కోసం వాడుకుంటాయి. రక్తంలో అది ఎక్కువగా ఉంటే లెక్క తప్పుతుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోన్), ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ (అండం ఎదగడానికి, విడుదలకు పనిచేసే హార్మోన్లు), బీటా హెచ్‌సీజీ (గర్భం నిలిచిందో చెప్పే హార్మోన్) వంటివి అసలు కన్నా తక్కువగా వస్తాయి. ఈస్ట్రడయాల్, ప్రొజెస్టిరాన్ (ఆడవాళ్ల హార్మోన్లు), ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్) ఎక్కువగా వస్తాయి.

దీంతో ఏమవుతుందో చూడండి. అండాలు పెరగడానికి సూదులు వేస్తున్న రోజుల్లో ఈస్ట్రడయాల్ లేనిది ఎక్కువ చూపిస్తే, అండాశయాలు మరీ ఉబ్బుతున్నాయేమోనని డాక్టర్ డోసు తగ్గించే ప్రమాదం ఉంది. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నా టీఎస్‌హెచ్ బాగానే ఉన్నట్టు కనపడుతుంది. గర్భం నిలిచినా బీటా హెచ్‌సీజీ తక్కువగా రావచ్చు. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ దీని మీద 2017లోనే హెచ్చరిక ఇచ్చింది. అన్ని ల్యాబుల మిషన్లకూ ఈ ఇబ్బంది ఉండదు, కానీ మీ ల్యాబులో ఉన్నది ఏ రకమో మీకు తెలియదు కదా. కాబట్టి రక్తం ఇచ్చేముందు కనీసం 2 రోజులు, ఇంత పెద్ద డోసైతే 3 రోజులు ఆపండి. రక్తం తీసేవాళ్లకూ, డాక్టర్‌కూ వాడిన సంగతి చెప్పండి. ఇప్పటికే వాడుతూ పరీక్షలు చేయించుకుని ఉంటే, ఆ రిపోర్టు పట్టుకుని నిర్ణయం తీసుకోకుండా మళ్లీ చేయించమని అడగండి.

ఇక పొడి డబ్బా. 400 గ్రాములు, 1,800 రూపాయలు. రోజుకు 20 గ్రాములు కలుపుకోమన్నారు, అంటే 20 రోజులకు అయిపోతుంది, రోజుకు 90 రూపాయలు పడుతుంది. అందులో వచ్చే ప్రొటీన్ 6 గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఉండేదీ అంతే. పైగా 20 గ్రాముల పొడిలో 8 గ్రాములు చక్కెరే. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య) ఉన్న ఆడపిల్లకు దీన్ని రోజూ పాలల్లో ఇవ్వడం ఏ లెక్కనా సరికాదు.

ఆ పొడిని ‘పరగడుపున’ తాగమని రాశారు. థైరాయిడ్ గోలీ వేసుకునేదీ ఆ వేళకే. పొడిలో సోయా, కాల్షియం, ఐరన్ ఉన్నాయి, ఈ మూడూ ఆ గోలీలోని థైరాక్సిన్‌ను ఒంటికి పట్టనివ్వవు. గోలీ రోజూ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగడం లేదంటే ముందు ఇదే చూడాలి. గోలీ ఖాళీ కడుపుతో నీళ్లతోనే వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి తినాలి. కాల్షియం, ఐరన్ ఉన్నవేవైనా 4 గంటల తర్వాతే. గర్భం కోసం చూస్తున్న థైరాయిడ్ పేషెంట్లకు టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండాలని డాక్టర్లు చూస్తారు. ఆ అంకె కోసమే చికిత్స నెలల తరబడి ఆగిపోతుంటుంది.

‘ఇందులో అన్నీ ఉన్నాయి, వేరే గోలీలు ఆపేయండి’ అని అమ్మేవాళ్లు నోటితో చెబుతున్నారు, కాగితం మీద రాయడం లేదు. లేబుల్ ప్రకారం రోజు మోతాదులో ఫోలిక్ యాసిడ్ 120 ఎంసీజీ. కావలసింది కనీసం 400 ఎంసీజీ, గర్భానికి నెల ముందు నుంచైనా. షుగర్, మూర్ఛ మందులు, ఇంతకుముందు బిడ్డకు వెన్నుపూస లోపం వంటివి ఉన్నవాళ్లకు డాక్టర్ 5 మిల్లీగ్రాములు రాస్తారు. బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం కట్టిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికి ఆ గడువు దాదాపు అయిపోయినట్టే. డాక్టర్ రాసిన ఫోలిక్ గోలీని ఎవరు చెప్పినా ఆపకండి. డాక్టర్ ఇచ్చిన 60,000 యూనిట్ల వారం విటమిన్ డి పైన ఈ పొడిలోని డి కూడా కలుస్తుందని, రెటినాల్ రూపంలో విటమిన్ ఏ రోజుకు 10,000 యూనిట్లు దాటితే కడుపులో బిడ్డకు హాని అని కూడా గుర్తుంచుకోండి.

ఆయన క్యాప్సూళ్లలో జింక్, ఫోలిక్ యాసిడ్ అని రాశారు. అమెరికాలో 2,370 జంటలతో ఇదే పరీక్షించారు. మగవాళ్లకు 6 నెలలు రోజూ 30 మిల్లీగ్రాముల జింక్, 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. 2020లో వచ్చిన ఫలితం: వీర్యం మెరుగుపడలేదు, బిడ్డలు పుట్టడమూ పెరగలేదు. వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది, కాబట్టి ‘15 రోజుల్లో కౌంట్ డబుల్’ అనే మాట కుదరదు. జిమ్‌లో ఇచ్చే టెస్టోస్టిరాన్ సూదుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అవి బయట నుంచి వేస్తే లోపల వీర్యకణాల తయారీ మూతపడుతుంది, ఆపినా కోలుకోవడానికి నెలలు పడుతుంది. గుట్కా, సిగరెట్, తాగుడు మానడం ఏ క్యాప్సూల్ కన్నా మేలు.

లేబుల్ లేని చూర్ణాన్ని నోట పెట్టకండి. 2011–12లో న్యూయార్క్ నగరంలో 6 మంది గర్భిణుల రక్తంలో సీసం దొరికింది. మన దేశం నుంచి తెచ్చిన ఆయుర్వేద మందులే కారణమని తేలింది. సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కుని, తల్లి నుంచి బిడ్డకు చేరుతుంది. లైసెన్సున్న ఆయుర్వేద మందు డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉంటాయి. ‘మగబిడ్డ కోసం’ అంటూ ఇచ్చేదైతే ఇక మాట్లాడాల్సిందే లేదు. లింగ ఎంపిక 1994 చట్టం ప్రకారం నేరం.

డైట్ చార్టులో మొదటి 15 రోజులు జ్యూసులే, రోజుకు 900 క్యాలరీల లోపు. సూదులు మొదలవ్వబోయే ఒంటికి ఈ పస్తు ఎందుకు? పీసీఓఎస్‌తో బరువెక్కినవాళ్లు ఉన్న బరువులో 5 శాతం తగ్గినా నెలసరి సర్దుకోవచ్చు, అంటే 80 కిలోలుంటే 4 కిలోలు, మూడు నాలుగు నెలల మీద. దానికి జొన్న రొట్టె, పప్పు, పుంటికూర, తోటకూర, రోజూ గుడ్డు, వారానికి రెండుసార్లు చేప, గుప్పెడు పల్లీలు చాలు. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల ప్రొటీన్ వీటితోనే అందుతుంది. చాయ్ అన్నంతో పాటు తాగితే ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పట్టదు, గంట తర్వాత తాగండి.

‘కిట్ అయ్యేదాకా చికిత్స మొదలుపెట్టొద్దు’ అని అమ్మేవాళ్లు చెప్పే మాటే అందరికన్నా 35 దాటినవాళ్లను ముంచుతుంది. ఆ వయసులో మూడు నెలలు చిన్న విషయం కాదు. తిండి మార్చుకోవడం, చికిత్స రెండూ పక్కపక్కనే నడవాలి.

కొన్నవాళ్లకు బిల్లు ఇవ్వలేదు, ఒక మనిషి నంబరుకు ఫోన్‌పే చేయించుకున్నారు, సీల్ తీస్తే వాపసు లేదన్నారు. ఆహార పదార్థమైతే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు ఉండాలి, దాన్ని ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ఆడవాళ్ల సంతానలేమి నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది, కాబట్టి పాంప్లెట్‌ను, వాట్సాప్ మెసేజ్‌ను దాచండి. ఫిర్యాదుకు వినియోగదారుల నంబరు 1915. వాడటం ఆపేసినా డబ్బాలు పారేయకండి. బ్యాచ్ నంబరు, వెనక లేబులు ఫొటో తీసి, డబ్బాతో సహా వచ్చేసారి మీ డాక్టర్ టేబుల్ మీద పెట్టండి.